తెల్లసగం

కెజియా అంచు దాటకుండా మూడో పూత వేస్తోంది. మూలమీద నిలబెట్టిన చదరపు పలక అది. మధ్యలో మొన్న పోయిన వెన్నర్ దొర వంశచిహ్నాలు, పక్కనే ఆయన భార్య పుట్టింటివారివి. చిహ్నాలు గీసేది మేస్త్రీ ఏమోస్. వాటి వెనక రంగు మాత్రం కెజియాది: పోయినవారి వైపు నలుపు, బతికున్నవారి వైపు తెలుపు. ఆరాక పలకను దొరగారి వీధిగుమ్మం పైన వేలాడదీస్తారు.

లండన్‌లోని ఆ కొట్టులో ఆమె జీవితమంతా ఇదే పని. సీసపు తెలుపు నూరీ నూరీ, ఆ విషానికి మణికట్లు వాలిపోయాయి. కుంచెను గుడ్డపీలికతో చేతికి కట్టుకుంటుంది. చిగుళ్లమీద నీలిగీత పడింది. కడుపునొప్పి వస్తే బల్ల అంచుకు పొట్ట ఆనించి, తగ్గేదాకా వంగి ఉంటుంది.

"ఏమోసయ్యా, దీన్ని హ్యాచ్‌మెంట్ అంటారెందుకు?"

"ఇన్నేళ్లకు అడుగుతున్నావా?"

"ఇన్నాళ్లూ తీరిందా నాకు?"

ఏమోస్ నవ్వాడు. "అసలు మాట అచీవ్‌మెంటే. సాధించిన ఘనత. యుద్ధంలో గెలిచినోడి డాలూ, శిరస్త్రాణం, గుర్తులూ అన్నీ కలిపి అలా అనేవోళ్లు. మనలాంటోళ్ల నోళ్లలో నలిగి హ్యాచ్‌మెంట్ అయింది. ఇప్పుడు చావుపలకకే మిగిలింది."

"మరి ఈ దొర ఏం సాధించాడు?"

"పుట్టాడు, పెళ్లాడాడు, పోయాడు."

"ఓస్, అంతేనా! అందులో రెండు నేనూ చేశాను."

ఆమె మొగుడు జాబెజ్ రేవులో బస్తాల కింద నలిగి చచ్చాడు. పాతిన చోట కర్రముక్కైనా నాటలేదు.

మధ్యాహ్నం దొరగారి నౌకరు రొప్పుతూ వచ్చాడు. "అమ్మగారు కూడా పోయారు! ఆ సగం కూడా నల్లగా కొట్టెయ్యాలంట. సాయంత్రం బండి వస్తది."

కెజియా తెల్లసగం వైపు చూసింది. ఎక్కడా కుంచెగీత కనబడకుండా రుద్ది రుద్ది నునుపు చేసిన తెలుపు.

"సరిగ్గా ఆరలేదయ్యా. కింద తెలుపు తేలుద్ది."

"అంత ఎత్తున ఎవడు చూస్తాడు? వెయ్యమ్మా," అన్నాడు నౌకరు.

వేసింది. చివరి మూల పూర్తయ్యాక నొప్పి వచ్చింది. బల్లకు ఆనుకుని వంగింది. రోజూ చూసేదే కనుక ఏమోస్ తల తిప్పలేదు.

పొద్దుగూకుతుండగా బండివాళ్లు వచ్చారు.

"కెజియా, కాస్త జరుగు."

ఆమె జరగలేదు. ఏమోస్ భుజం తట్టాడు, మళ్లీ తట్టాడు. తర్వాత గుడ్డపీలిక కోసి, చల్లబడిన చేతినుంచి కుంచె విడదీశాడు. బండివాళ్లు టోపీలు తీసి, మళ్లీ పెట్టుకుని, ముందు పలకను మోసుకుపోయారు. ఆమె కోసం ఇంకో బండి రావలసి వచ్చింది.

అందరూ వెళ్లాక మాడువాసన వచ్చి ఏమోస్ పొయ్యి కెలికాడు. బూడిదలో, పొట్టు పగిలి, రాత్రికని ఆమె కప్పిపెట్టుకున్న బంగాళాదుంప ఇంకా వేడిగా ఉంది.