అసలు దారి

ఆమె ఆరిన బట్టలు మడతపెడుతుండగా టీమ్ లీడర్ ఫోన్ చేశాడు. "డిస్కు నిండిపోయిందమ్మా. నీ పాత ఫోల్డర్ ఈరోజు తీసెయ్. కావాల్సినవన్నీ నా దాంట్లో ఉన్నాయి."

అసలు ప్రోగ్రామ్ ఉన్నది ఆ ఫోల్డర్‌లోనే. ఏ ఆసుపత్రిలో ఎంత రక్తం నిల్వ ఉందో చూపించే ఆ ప్రోగ్రామ్ ఆమెది. ఏడో నెల కడుపుతో, వాచిన కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని రాసింది. ప్రసవించి, సెలవు ముగించుకుని వచ్చేసరికి అది లీడర్‌గారి ఘనకార్యం అయిపోయింది. అతను చేసిందల్లా తన ఫోల్డర్‌లో ఓ లింకు పెట్టుకోవడం. లింకులో ఫైలు ఉండదు, అదెక్కడుందో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. అది కాపీయే అనుకుని, దాన్నే చూపించి ప్రమోషన్ కొట్టేశాడు.

"ఎవరి పేరైతే ఏంటి? జీతం వస్తోందిగా" అన్నాడు భర్త, మడతల్లోంచి తన చొక్కా లాక్కుంటూ. "ఆడదానికి అంత పౌరుషం దేనికమ్మా?" అని అత్తగారు వంత పాడింది.

మర్నాడు ఆసుపత్రుల వాళ్ళకి లీడర్ ఆ ప్రోగ్రామ్ చూపించాలి. అందుకే ఆ రోజు ఆఫీసు మీటింగుకు డైరెక్టరమ్మ కూడా వచ్చింది. "ఈవిడ ఫోల్డర్ నిండా చెత్తే మేడమ్, అసలుదంతా నా దగ్గరే ఉంది" అని నవ్వాడు లీడర్.

చెత్త! అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె తన కంప్యూటర్‌ను పెద్ద తెరకు కలిపి, 'రియల్‌పాత్' అని కొట్టి, పక్కనే అతని లింకు పేరు రాసింది. లింకులు దాటుకుంటూ వెళ్ళి, ఫైలు నిజంగా ఉన్న చోటు చెప్పే కమాండ్ అది. తెర మీద ఆమె ఫోల్డర్ పేరు వచ్చింది.

"అవన్నీ టెక్నికల్ గొడవలు మేడమ్, వదిలేయండి" అన్నాడతను.

"సరే సార్. చెత్తేగా, తీసేస్తున్నా."

ఫోల్డర్‌ని చెరిపే కమాండ్ రాసి, ఎంటర్ మీద వేలు పెట్టింది. నొక్కే ఉద్దేశం లేదు. ఏ మంచం మీద ఎవరు రక్తం కోసం ఎదురుచూస్తున్నారో! కానీ ఆ సంగతి అతనికేం తెలుసు?

"ఆగు! నొక్కకు! మొత్తం పోతుంది!" కుర్చీ వెనక్కి పడేలా లేచాడు లీడర్.

"అంతా మీ దగ్గరే ఉందన్నారుగా?" అంది డైరెక్టరమ్మ. అతను పడిన కుర్చీ ఎత్తడానికి వంగాడు.

ఆమె వేలు తీసింది. "రేపు ఆసుపత్రుల వాళ్ళకి దీన్ని నేనే చూపిస్తాను మేడమ్. నా పేరుతో."

"నువ్వే చూపించు" అంది డైరెక్టరమ్మ.

బయటికి రాగానే భర్త ఫోన్. "ఫ్రెండ్స్‌తో వెళ్తున్నా. పాపని క్రెష్ నుంచి తెచ్చి, త్వరగా వంట..."

"కుదరదు. రేపటికి సిద్ధం కావాలి" అంది ఆమె. "క్రెష్ ఎక్కడో తెలీదా? దారి చెప్తాను, రాసుకో."