తొమ్మిదో నంబరు బిళ్ళ

ఏడో బిళ్ళని మేకుకి తగిలించాడు, ఎనిమిదో బిళ్ళనీ తగిలించాడు, తొమ్మిదో బిళ్ళని మాత్రం గడియ తన ఖాకీ చొక్కా జేబులో వేసుకున్నాడు. పదోది మళ్ళీ మేకుకే వెళ్ళింది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పొడుచుకున్నారు. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస, ఇదే పొడుపు. విప్పడానికి మాత్రం ఎవరూ తొందరపడలేదు.

గడియ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. చేపలూ మాంసమూ పచ్చి బఠాణీలూ దాచే ఆ కోల్డ్ స్టోరేజీలో పదిహేడేళ్ళుగా తలుపు గడియ తీస్తూ వేస్తూ ఉన్నందుకు అంటుకున్న పేరు. గడియ తియ్యడం ఉద్యోగం, గడియలు లెక్కపెట్టుకోవడం జీవితం. నలభై రెండేళ్ళ మనిషి. పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి, ఎప్పుడూ తలుపుకి చెవి ఆనించి ఏదో వింటున్నట్టుంటాడు. ఇనుప గడియ ఒరుసుకుని కుడి అరచేతిలో అడ్డంగా ఒక కాయ కట్టింది. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడెవడైనా చూస్తే, ఆయుష్షు గీతని నిలువునా నరికేసిందని హడలిపోయి డబ్బులు వెనక్కిచ్చేవాడు. పెద్దవాళ్ళు కనిపించినప్పుడల్లా చల్లగా ఉండు నాయనా అని దీవిస్తారు కదా, ఆ దీవెన అక్షరం పొల్లుపోకుండా ఫలించింది ఈ భూమ్మీద ఇతనొక్కడికే.

ఆ తలుపు జానెడు మందం. దాని వెనక సున్నాకి కింద పద్దెనిమిది డిగ్రీల చలి. ఒక విడతకి అరగంట మించి లోపల ఎవరూ ఉండకూడదు. లోపలికెళ్ళేవాళ్ళు తమ నంబరున్న ఇత్తడి బిళ్ళని గడియకిస్తారు, అతను బోర్డు మీద మేకుకి తగిలిస్తాడు, బయటికొచ్చాక తీసిస్తాడు. బోర్డు ఖాళీ అయితేనే రోజుకి ఆఖరి గడియ పడాలి. దానికి ముందు తలుపు బెత్తెడు తెరిచి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని ఒక కేక వెయ్యాలి. ఫ్యాన్ల హోరులో ఆ కేక ఆ బెత్తెడు కూడా దాటదు. కేకది మర్యాద మాత్రమే, మాట బిళ్ళదే.

లోపల గోడకి ఒక గంట మీట ఉంది. దాని తీగని ఎలకలు కొరికాయో చలే కొరికిందో, గంట మోగక ఏడు నెలలైంది. గంటలు మాత్రం గడుస్తూనే ఉన్నాయి. తలుపుకి లోపలి వైపున్న పిడి కూడా మంచు పట్టి బిగుసుకుపోయింది. గడియ రెండుసార్లు కాగితం రాసిచ్చాడు. మేనేజరు రెండుసార్లూ నవ్వి, "నువ్వుండగా గంటెందుకయ్యా? నువ్వే మా గంటవి" అని ఆ కాగితాన్ని సొరుగులో వేశాడు. ఆ సొరుగు స్టోరేజీ కన్నా చల్లనిది. అందులో వేసిందేదీ చెడిపోదు, కదలదు.

తొమ్మిదో నంబరు మఫ్లరుది. మండుటెండలో కూడా మెడకి బూడిదరంగు మఫ్లరు చుట్టుకుని వస్తుంది కాబట్టి ఆమె అందరికీ మఫ్లరు. ముప్పై ఆరేళ్ళుంటాయి. స్టోరేజీ ఆ చివర, వెనక గోడ దగ్గర, గొట్టాల మీద పేరుకున్న మంచుని చెక్క గరిటెతో గీకడం ఆమె పని. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే నవ్వొస్తుంది, ఏది ముందో కనిపెట్టేసరికి రెండూ అయిపోతాయి.

పనిలో చేరిన మొదటి వారం ఆమె కొంకర్లు పోయిన వేళ్ళతో తన బిళ్ళ అందుకుంది. మేకు మీదున్న బిళ్ళ మంచుముక్కలా ఉంది. అది జారి కిందపడింది. వంగి తీసుకుందామంటే వేళ్ళు ముడుచుకోక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాటి నుంచి గడియ ఆ బిళ్ళని మేకుకి తగిలించడం మానేసి గుండె మీది జేబులో వేసుకున్నాడు. అరగంట తరవాత ఆమె అరచేతిలో పెడితే అది వెచ్చగా ఉంది. ఆమె గుప్పిట మూసుకుని చాలాసేపు తెరవలేదు. వాళ్ళ మధ్య జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు అంతే.

అప్పటి నుంచి సాయంత్రం ఆఖరి విడతలో మఫ్లరు అందరికన్నా వెనక వస్తుంది. మిగతావాళ్ళ అడుగులు సద్దుమణిగేదాకా అరల వెనక ఆగి, తీరిగ్గా బయటికొచ్చి, బిళ్ళ అందుకుని, నాలుగు మాటలు మాట్లాడి వెళుతుంది. ఆ నాలుగు నిమిషాలే వాళ్ళకి పార్కూ, సినిమా, షికారూ. అందరికీ తెలుసు. తెలిసే అందరూ కాస్త తొందరగా నడుస్తారు.

మూడేళ్ళ కిందట అతను పెళ్ళి మాట ఎత్తాడు. ఆమె తల్లి మంచం పట్టి ఉంది. ఆవిణ్ణి వదిలి రాలేనంది. వెంటబెట్టుకుని వద్దామంటే గడియకి సొంత గది లేదు, అక్కాబావల ఒంటిగదిలో బీరువా వెనక ఒక చాప ఉంది. మరి ఎప్పుడు అని అతను అడగలేదు. అడిగితే, అమ్మ పోయాక అని ఆమె చెప్పాలి. అలాంటి మాట అనే మనిషీ కాదు ఆమె, అనిపించే మనిషీ కాదు అతను. తల్లి పోయి ఇప్పటికి నెల పది రోజులైంది.

స్టోరేజీకి ఎదురుగా లారీలు తూచే కాటా ఉంది. దాని ఓనరమ్మకి భర్త పోయి నాలుగేళ్ళు. కాటా కాకుండా రెండంతస్తుల ఇల్లుంది, పిల్లల్లేరు. మనిషిని చూస్తూనే తూచేస్తుంది, ముల్లు ఊగదు. కిటికీలోంచి ఇన్నేళ్ళుగా ఈ కదలని మనిషిని చూసి చూసి, కాటాకి తగ్గ మనిషి దొరికాడనుకుని, వాళ్ళక్కకి కబురు పెట్టింది. ఈ సాయంత్రం అయిదున్నరకి టీకొస్తానంది. వచ్చేది టీకి కాదని టీకి కూడా తెలుసు.

పొద్దున్న క్యారేజీ చేతికిస్తూ అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఈ గదిలో బీరువా వెనక ఒక మనిషి ముసలాడవుతున్నాడని మొదలుపెట్టి, తన మోకాళ్ళ దాకా, బావ అప్పుల దాకా వెళ్ళి, చివరికి అసలు మాటకొచ్చింది.

"ఆ పిల్ల దగ్గర ఏముందిరా తమ్ముడూ? దగ్గు. పెళ్ళయ్యాక దాని మందు కూడా నువ్వే కొనాలి."

"సాయంత్రం వస్తాలే అక్కా" అన్నాడు గడియ.

ఈ సంగతి మఫ్లరుకి తనే చెప్పాలనుకున్నాడు. పొద్దున విడతలో చెప్పలేదు, మధ్యాహ్నమూ చెప్పలేదు. నాలుగున్నరకి ఆఖరి విడత అయిదుగురు ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. నాలుగు బిళ్ళలు మేకులెక్కాయి. మఫ్లరు తన బిళ్ళని అతని చేతిలో పెట్టలేదు, ఆ వేళ తనే అతని జేబులో జారవిడిచింది. మిగతా ఆడవాళ్ళు పైకప్పు పరిశీలించారు.

"సాయంత్రం ఆగు దొరా, ఒక మాట చెప్పాలి" అంది. ద్వారం దగ్గరుండేవాడు దొర కాక ఇంకేమిటని ఆమె లెక్క.

గడియ నోరు తెరిచాడు. ఆవిరి వచ్చింది గానీ మాట రాలేదు. ఆమె నవ్వుతూ, దగ్గుతూ, గరిటె భుజాన వేసుకుని పొగమంచులోకి నడిచింది. బూడిదరంగు మఫ్లరు కొంత దూరం కనిపించింది. తరవాత అదీ కనబడలేదు.

పావు తక్కువ అయిదుకి బావ వచ్చాడు, చేతిలో కొత్త చొక్కా పొట్లంతో. బావకి భావాలు తక్కువ, సిగరెట్లు ఎక్కువ. ఆవిడ టైమంటే టైమని, అక్క అప్పుడే రెండుసార్లు టీ కాచి పారబోసిందని చెప్పి తొందరపెట్టాడు. గడియ మిషను గదిలోకి వెళ్ళి, తను వచ్చేదాకా తలుపు చూడమని మిషను తాతని పిలుచుకొచ్చాడు. ఆ హోరులో ముప్పై ఏళ్ళు బతికిన తాతకి మనుషుల మాటలు సగమే వినబడతాయి. బోర్డు ఖాళీ అయ్యాకే గడియ వెయ్యాలని గడియ అతని చెవిలో అరిచి చెప్పాడు.

"నాకు చెప్తున్నావా? నీకు మీసాలు రాకముందు నుంచీ వేస్తున్నా" అన్నాడు తాత.

తలుపు పక్కన గడియ కూర్చునే చిన్న గది ఉంది. అక్కడ ఖాకీ చొక్కా విప్పి గోడ మేకుకి తగిలించి, కొత్తది తొడుక్కున్నాడు. తెల్లటి చొక్కా. జేబు లేదు.

"డబ్బున్నవాళ్ళ చొక్కాలకి జేబులుండవురా. అలవాటు చేసుకో" అన్నాడు బావ.

ఆమె బయటికొచ్చేలోపు వెళ్ళిపోవచ్చు, ఆమె మొహం ఇవాళ్టికి చూడక్కర్లేదు అన్న ఊరట గడియ కాళ్ళని తరిమింది. మనిషి మొహం చాటేసే వేళ చెయ్యి కూడా మొహం చాటేస్తుంది కాబోలు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి, గది దాటేముందు అతని చెయ్యి గుండె మీదికి వెళ్ళలేదు.

అక్క గదిలో మంచం గోడకి చేరింది, పక్కింటి కప్పులు నాలుగు వచ్చి చేరాయి. కాటా ఓనరమ్మ ఉన్న ఒక్క కుర్చీలో నిదానంగా కూర్చుంది. చెడ్డమనిషి కాదు. తను అందగత్తెని కాననీ, అతనూ కుర్రాడు కాదనీ, ఒకచోట కుదురుగా ఉండే మనిషి తనకి కావాలనీ చెప్పింది. మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయనీ, వాటిలో ఒకటి కావాలంటే అక్కాబావలకే ఇస్తాననీ చెప్పింది. అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. బావ కిటికీలోంచి ఆ మేడ కనిపిస్తుందేమోనని చూశాడు.

ఆరయింది. రోజూ ఆ వేళకి మఫ్లరు వచ్చి, నాలుగు మాటలూ అయిపోయి, ఆఖరి గడియ కూడా పడిపోయి ఉంటుంది. జేబు ఖాళీ అయిందో లేదో తడిమి చూసుకోవడం గడియకి అలవాటు. ఆ అలవాటుగానే చెయ్యి పైకి లేచింది. వేళ్ళకి నున్నటి గుడ్డ తగిలింది.

అతను లేచి నిలబడ్డాడు. బిళ్ళ పాత చొక్కాలో ఉంది. బోర్డు మీద నాలుగే ఉన్నాయి. ఆ నలుగురూ తీసుకోగానే బోర్డు ఖాళీ. తాత గడియ వేసేస్తాడు. ఆమె నలుగురితో కలిసి వచ్చేసి ఉంటే సరే. కానీ సాయంత్రం ఆగమంది. అంటే అరల వెనక నిలబడి, అందరి అడుగులూ సద్దుమణిగేదాకా...

"ఏమైంది?" అంది ఓనరమ్మ.

అక్క చూపు అతని మొహం మీద మేకులా దిగింది.

"బావా, ఒక్కసారి స్టోరేజీ దాకా వెళ్ళి చూసొస్తావా?"

"ఏం చూడాలి?"

తొమ్మిదో నంబరు అనాలి. అంటే ఆ బిళ్ళ మేకు మీద కాకుండా తన జేబులో ఎందుకుందో చెప్పాలి, ఈ కుర్చీ ముందు, ఈ నాలుగు కప్పుల ముందు.

"బోర్డు" అన్నాడు.

బావ వెళ్ళాడు. అరగంట తరవాత సిగరెట్టు వాసనతో తిరిగొచ్చి, వెళ్ళిన పనికన్నా వచ్చిన దారి గురించి ఎక్కువ చెప్పి, చివర్న అన్నాడు: "చూశాను. గడియ పడింది. బోర్డు మీద ఒక్క బిళ్ళ లేదు, నున్నగా ఉంది."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బోర్డు ఖాళీగా ఉంటే లోపల ఎవరూ లేరని లోకానికంతా తెలుసు. అలా కాదని తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. తను లేడని చూసి ఆమె మిగతావాళ్ళతోనే వెళ్ళిపోయుంటుందని అతను తనకి తను చెప్పుకున్నాడు. తను లేడని లోపలున్న మనిషికి ఎలా తెలుస్తుందని మాత్రం తనని తను అడగలేదు.

"అయితే సరే" అన్నాడు, కూర్చున్నాడు.

ఓనరమ్మ కప్పు కింద పెట్టింది. "మీ మనసులో ఇంకెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. తరవాత తెలిస్తే నాకు బాగుండదు."

"ఎవరూ లేరండి."

అక్క రెండో విడత టీ పోసింది. గడియ కప్పులో టీ తాగకుండానే చల్లారిపోయింది.

ఎనిమిదిన్నరకి ఓనరమ్మ లేచింది. పాత చొక్కా తెచ్చుకోవాలని చెప్పి గడియ ఆవిడ వెనకే బయల్దేరాడు. ఆవిడ కాటా వైపు తిరిగేదాకా మామూలుగా నడిచాడు. తరవాత పరిగెత్తాడు.

మిషను పక్కన తాత కునుకు తీస్తున్నాడు. అందరూ వెళ్ళారని, నలుగురూ బిళ్ళలు పట్టుకెళ్ళారని, కేక కూడా వేశానని చెప్పాడు. ఆడవాళ్ళలో ఒకామె తలుపు వైపు చూసి ఏదో అందట, వినబడలేదట, నవ్వుతోంది కదా అని తాతా నవ్వాడట.

గడియ ఈసారి కేక వెయ్యలేదు. ఇనుప కడ్డీని లాగాడు.

తలుపుకి ఎదురుగా, బోర్లించిన పెట్టె మీద ఆమె కూర్చుని ఉంది. మఫ్లరుని తల మీంచి చెవుల మీంచి చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, గడ్డం మోకాళ్ళకి ఆనించి, ఆలస్యమైన బస్సు కోసం చూసి చూసి కునికిన మనిషిలా. కనురెప్పల మీద తెల్లటి పొడి. పక్కన చెక్క గరిటె రెండు ముక్కలై ఉంది. తలుపు లోపలి వైపు, భుజమెత్తున, రెండు అరచేతులంత మేర మంచు ఊడిపోయి రేకు మెరుస్తోంది.

అతను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక చెయ్యి బయటికి తీసి తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. అదే చేతిలో ఎనిమిదేళ్ళు వెచ్చటి బిళ్ళ పెట్టాడు. ఆమె చెప్పాలన్న మాట మఫ్లరు మడతల్లోనే ఉండిపోయింది.

తాత వచ్చి చూసి, మనుషుల్ని పిలవడానికి బయటికి పరిగెత్తాడు. వాళ్ళు వచ్చేసరికి ఆమె ఒళ్ళో ఆమె చెయ్యి తిరిగి పొందిగ్గా సర్ది ఉంది, గడియ లేడు. జేబులేని చొక్కాతోనే ఎటో వెళ్ళిపోయాడు.

పోలీసులొచ్చారు, రాసుకున్నారు. బోర్డు ఖాళీగా ఉందనీ నియమం ప్రకారమే తలుపు వేశారనీ మేనేజరు వాళ్ళకి చూపించాడు. మరి తొమ్మిదో బిళ్ళ ఏమైందని అడిగితే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విప్పలేదు. లోపలి గంట మూడో రోజుకల్లా బాగైంది, తీగ బారెడు సరిపోయింది. కాటా ఓనరమ్మ రెండు రోజులు కిటికీలోంచి ఆ తలుపు వైపు చూసి, మూడో రోజు కిటికీ వేసుకుంది.

తలుపు దగ్గరికి కొత్త మనిషి వచ్చాడు. తన చొక్కా తగిలించుకోవడానికి అతను వేరే మేకు కొట్టుకున్నాడు. పాత మేకుకి ఖాకీ చొక్కా అలాగే వేలాడుతోంది. దాని ఎడమ జేబు బరువుకి కొద్దిగా కిందికి సాగింది, లోపల తొమ్మిదో నంబరు బిళ్ళ, చల్లగా.