డెస్మండ్ ఎడమ మోకాలు

నా వేళ్ళు మొద్దుబారాయట. ఆ మాట అన్నది గైల్స్, వసంతంలో ఊరూరా మోరిస్ అనే జానపద నాట్యం ఆడే మా జట్టు నాయకుడు. అదీ చాటుగా కాదు. పబ్బు ముందు, జట్టంతా గుమిగూడి ఉండగా, నేను నా మెలోడియన్ వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని తిత్తి మీది వానచినుకులు తుడుచుకుంటుంటే అన్నాడు. ఈ జట్టుకి నేను ముప్ఫై ఒక్క వసంతాలుగా వాయిస్తున్నాను. అతను నిక్కర్లు వేసుకుని బడికి పోయే రోజులనాటికే ఈ పెట్టె నా భుజాన ఉంది.

"హెస్టర్, ఏమీ అనుకోకండి. ఈమధ్య మీ పాట మరీ నత్తనడక నడుస్తోంది. కుర్రాళ్ళు పైకెగిరి, మీ సంగీతం ఎప్పుడొస్తుందా అని గాల్లోనే కాచుక్కూర్చోవాల్సి వస్తోంది" అన్నాడు.

ఏమీ అనుకోకండి అంటూ మొదలుపెట్టేవాడు అనుకోవలసిన మాటే అంటాడు. అయినా ఊరుకునేదాన్నేమో. పక్కనే మాంసం కచోరీ నములుతున్న డెస్మండ్ అందుకున్నాడు.

"నిజమేనమ్మాయ్. నాకూ అనిపిస్తూనే ఉంది. ఇదివరకటి జోరు లేదు నీలో. ఆ పెట్టెకి కాస్త నూనె రాయించు."

అందరూ పకపకా నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడలేక మద్దెల ఓడు అంటారే, ఆ సామెత నా నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే అది తిన్నగా డెస్మండ్‌కే తగులుతుంది. అందుకే మింగేశాను.

నేను నెమ్మదిగా వాయిస్తున్నది అతని కోసమే మరి. డెస్మండ్‌కి డెబ్బై మూడేళ్ళు. ఆరుగురి వరసలో ఆఖరి చోటు నలభై ఏళ్ళుగా అతనిది. మూడేళ్ళ క్రితం మే ఒకటిన, ఆనవాయితీ ప్రకారం తెల్లవారుతుండగా కొండమీద ఆడి దిగుతుంటే చూశాను. అందరూ గబగబా దిగుతున్నారు, ఇతనొక్కడే కంచె పట్టుకుని అడ్డంగా, పీతలా దిగుతున్నాడు. ఎడమ మోకాలు. మా ఆటలో పెద్ద గంతులుంటాయి. మనిషి పైకి లేచి కింద పాదం మోపేసరికి స్వరం కూడా అక్కడే దిగాలి. వాయించేవాళ్ళు పాదాలు చూస్తూ వాయించాలి. ఆ రోజు నుంచి నేను ఒక్క పాదమే చూస్తూ వచ్చాను. అది దిగేదాకా తిత్తి బిగబట్టాను. చలికాలమంతా ఆ మనిషి ఇంట్లోంచి బయటికి రాడు, ఎవరితోనూ మాట్లాడడు. ఏప్రిల్‌లో గజ్జెలు కట్టాకే మళ్ళీ మనిషవుతాడు. ఆ ఆట కూడా లాగేస్తే ఇంకేముంటుంది అతనికి? ఈ సంగతి అతనితో సహా ఎవరికీ చెప్పలేదు.

"సోమవారం సంతకి ఇరవై జట్లు వస్తున్నాయి. అక్కడా ఇదే వరస అయితే నేను వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుంది" అన్నాడు గైల్స్.

"సోమవారం చూద్దువుగాని" అన్నాను.

ఈ వసంతంలో మాకు పద్దెనిమిది ఆటలు. బడి తోటలో ఒకటి, చర్చి వెనక ఒకటి, పబ్బుల ముందు లెక్కే లేదు. బురదలో, ఎండలో, ఆవుల మధ్య కూడా ఆడాం. ఒక్క ఆటకీ నేను రాకుండా ఉండలేదు. నూనె రాయించాలట! సోమవారం దాకా ఆ మూడు రోజులూ గిన్నెలు తోముతున్నా అదే మాట, పక్క దులుపుతున్నా అదే మాట. గైల్స్ మీదకంటే డెస్మండ్ మీదే నాకు ఎక్కువ మండింది. చూపిస్తాను జోరంటే ఏమిటో, అనుకున్నాను.

సోమవారం సంతలో జనం విరగబడి ఉన్నారు. మావాళ్ళు ఆరుగురూ తెల్లబట్టల్లో, చేతికొక రుమాలు పట్టుకుని నిలబడ్డారు. నేను అసలు నడకలో అందుకున్నాను. కుర్రాళ్ళ మొహాలు వెలిగాయి. మొదటి చుట్టు డెస్మండ్ ఎలాగో నెగ్గుకొచ్చాడు. రెండో చుట్టులో గంతులొచ్చాయి. స్వరం దిగిన తర్వాత అతని పాదం దిగింది. ఆ తర్వాతి గంతుకి ఇంకా ఆలస్యం. అప్పుడైనా నేను తగ్గించవచ్చు. తగ్గించలేదు. కోపంతో తగ్గించలేదు, అంతే. మూడో గంతుకి అతను లేవనే లేదు. రుమాళ్ళు వేలాడేసుకుని నిలబడి నావైపు చూశాడు. తర్వాత కుంటుకుంటూ వరసలోంచి బయటికి నడిచాడు. అదీ ఆటలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. మిగతా ఐదుగురూ ఆ చోటు ఖాళీగా వదిలి ఆట పూర్తిచేశారు.

ఆట అయ్యాక వెతుక్కుంటూ వెళ్తే, డెస్మండ్ డేరా వెనక బీరు పెట్టె మీద కూర్చుని గజ్జెలు విప్పుతున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు తల ఎత్తకుండా.

"మూడు వసంతాలు."

ఇంతలో గైల్స్ చేతులు చాస్తూ వచ్చాడు. "అదిరిపోయింది హెస్టర్! చూశారా, తలుచుకుంటే మీ వేళ్ళు..."

"నోర్ముయ్ రా" అన్నాడు డెస్మండ్. "ఆవిడ వేళ్ళకేం రోగం లేదు. రోగం నా మోకాలికి. ఇన్నాళ్ళూ నా కోసమే నీచేత మాటలు పడింది. క్షమాపణ చెప్పి పో."

గైల్స్ ఏదో గొణిగి పోయాడు. నన్ను కాపాడాడు కదా అని నేను దగ్గరికి వెళ్ళబోయాను.

"రాకు" అన్నాడు. "నిన్ను అడిగానా నేను?"

"లేదు."

"నేను ఆడుతున్నాననుకున్నాను హెస్టర్. ఈ వయసులో కూడా ఆడుతున్నానని ఊరంతా చెప్పుకున్నాను. నువ్వు మోస్తున్నావా నన్ను? నూనె రాయించమన్నప్పుడు లోపల నవ్వుకున్నావా?"

"నవ్వలేదు. నీ తల పగలగొట్టాలనిపించింది."

"కొట్టాల్సింది. అది నయం."

గజ్జెలు నా కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళిపోయాడు.

తర్వాతి శనివారం వంతెన పక్క పబ్బు ముందు ఆట. అతని చోట్లో కొత్త మనిషి నిలబడ్డాడు. పెట్టె తెరిచాను గానీ కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మొదటి చరణమే తడబడింది. అప్పుడు ఎవరో కుర్చీ ఈడ్చుకొచ్చి నా పక్కన వేసుకున్నారు. డెస్మండ్. తెల్లచొక్కా ఉంది, గజ్జెలు లేవు. నావైపు చూడలేదు, పలకరించలేదు, కోపం ఇంకా మొహంలోనే ఉంది. కుడి పాదంతో రాళ్ళ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

"నన్ను చూడకు. వాళ్ళని చూడు" అన్నాడు.

నేను వినిపించుకోలేదు. ఆట అయ్యేదాకా ఆ పాదాన్నే చూస్తూ వాయించాను.