పేరు చెప్పని వేరు

పుల్లయ్య గుండెలో లోహపు వాల్వు పెట్టి ఆరేళ్ళయింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర మింగాలి, నెలకోసారి బద్వేలు ఆసుపత్రిలో రక్తం చూపించుకోవాలి. భార్య ఉన్నన్నాళ్ళూ ఆమె గుర్తు చేసేది. ఆమె పోయాక కూడా ఒక్క మాత్ర మానలేదు. పైనుంచి ఆమె చేత మాట పడటం ఆయనకిష్టం లేదు.

ఈసారి రక్తపరీక్షలో మూడుకు దగ్గరగా ఉండాల్సిన అంకె ఒకటిన్నరకు దిగింది.

“రక్తం చిక్కబడింది పెదనాయనా,” అంది నర్సు దీవెన. “వాల్వు కాడ గడ్డ కడితే ప్రాణానికే మోసం. మాత్రలు మానినావా?”

“లేదు.”

“ఆకుకూరలు ఎక్కువ తింటాండావా? అవి మాత్రను పనిచెయ్యనీవు.”

“వండేదెవరు?”

“నాటుమందేమన్నా?”

పుల్లయ్య గోడమీది క్యాలెండరు చూశాడు. సీసా సంచిలోనే ఉంది. చేను దాకా నడిస్తే ఆయాసమొస్తోందంటే, కువైట్ నుంచి వచ్చిన నేస్తం ఓబుళేశు, తనూ తింటున్నానంటూ ఇచ్చాడు. కొరియా వేరట, జిన్సెంగ్. ఇస్తూ షరతు పెట్టాడు: వేరుమందు పేరు బయటపెడితే గుణం పోతుంది. అది పుల్లయ్యకు కొత్త కాదు. ఆయన నాయన తేలుకాటుకు మందిచ్చేవాడు, పేరు చెప్పకుండానే కాటికి పోయాడు.

“చెప్పకపోతే డాక్టరు మాత్ర పెంచుతాడు. రేపు నువ్వు దాచిన మందు ఆపితే, ఆ పెంచిన మాత్రకే రక్తం కారతాది,” అంది దీవెన. ఆయన మొహం చూసి నవ్వింది. “పెండ్లేమన్నా కుదిరిందా? మీసానికి రంగేసినావు.”

“రంగు గాదు, మసి. పొయ్యి ఊదినా.”

“వండేదెవరంటివే?”

పుల్లయ్య సీసా తీసి, చీటీ ఆమె వైపు తిప్పి పెట్టాడు. “పేరు నేను చెప్పలే. నువ్వే చదువుకో.”

దీవెన చదివింది. నవ్వు తగ్గించుకుంది. “ఇది చెడ్డదనను. నీరసానికి తినేవాళ్ళు శానామంది ఉండారు. నీ మాత్రకూ దీనికీ పడదు, అంతే. మాత్ర చేసే పనిని ఇది చెడగొట్టచ్చు. పా, డాక్టరుకు చూపిద్దాం.”

డాక్టరు సీసా ఆపమన్నాడు. ఇంజక్షన్లు రాశాడు, నాలుగోనాడు మళ్ళీ రక్తం చూడాలన్నాడు. ఆయాసానికి గుండె స్కాను రాశాడు. ఆయాసం సంగతి మొదట చెప్పాల్సింది ఓబుళేశుకు కాదు, తనకని కూడా అన్నాడు.

బయట బెంచీ మీద, తోడొచ్చిన ఓబుళేశు కళ్ళు ఎర్రగా పెట్టుకుని కూచున్నాడు.

“పేరు చెప్పినావా?”

“సీసా చెప్పింది.”

“పాయె. ఇంక గుణముండదు.”

“నీకేం గుణం కనపడిందప్పా?”

“నెల నుంచి నిద్ర రాలే. బలం ఎక్కువైందేమో.”

“నీకు బీపీ ఉండాది కదా. దీని సంగతి డాక్టరుకు చెప్పినావా?”

“పేరు చెప్తే గుణం పోదా?”

పుల్లయ్య అతని చొక్కా పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. సీసాను మళ్ళీ అదే బల్ల మీద, చీటీ దీవెన వైపుకు తిప్పి పెట్టాడు.

“ఇంగొకడుండాడు పాపా. వీడూ పేరు చెప్పడు. చెయ్యి మాత్రం చాపుతాడు. బీపీ చూడు.”