పైకి మడిచిన చోటు

పొద్దున ఏడింటికల్లా తార్నాక నుంచి యూనివర్సిటీలోకి పోయే రోడ్డు మీద, హాస్టళ్ల వైపు తిరిగే మలుపులో మొగిలి ఇస్త్రీ బండి నిలబడుతుంది. మాణికేశ్వర్ నగర్ నుంచి మొగుడూ పెళ్లాం ఇద్దరూ నడిచే వస్తారు. సాలమ్మ బొగ్గులు రాజేస్తుంది. మొగిలి తడిగుడ్డ మీద పెట్టె ఒకసారి రాస్తాడు. సుయ్యిమంటే పని మొదలు.

ఇత్తడి పెట్టె అది, మొగిలి నాయినది. తొడుక్కునే మనిషికి ఒంట్లో ఎక్కడ బాగాలేదో, బట్ట మీద ఆ చోట ముడత పోనియ్యదు. ఎంత ఒత్తినా, ఎన్ని నీళ్లు చల్లినా పోదు. అప్పుడు మొగిలి ఆ చోటు పైకి కనబడేటట్టు మడిచి ఇస్తాడు. నోటితో ఏమీ చెప్పడు. పిల్లలు మడత చూసుకుని, మోకాలైతే ఆట ఆపుతారు, పొట్టయితే మెస్సులో పచ్చడి మానేస్తారు. కాలరు దగ్గర ముడత చూసుకున్న లెక్చరరు ఒకాయన అదే వారం గొంతు చూపించుకున్నాడు. ఆపరేషన్ అయి రెండేళ్లు, ఇంకా పాఠాలు చెబుతూనే ఉన్నాడు.

"తాతా, నా అంగీకి గుండె కాడ ముడత ఉన్నదా?" అని అడిగేవాడు సాకేత్ అనే హాస్టలు పిల్లగాడు.

"ఉన్నది. మీ క్లాసుల ఎవరో ఉన్నట్టున్నది. గా ముడతకు దవాఖాన లేదు, పో."

అందరి ఒళ్లూ చూసే ఆ బల్ల మీదికి మొగిలి అంగీ మాత్రం నలభై ఏండ్లలో ఎన్నడూ ఎక్కలేదు. వాళ్ల ఇండ్లల్లో అంతే. బొగ్గులు పైవాళ్ల బట్టలకు. సొంతవి తీగ మీద ఆరినవి ఆరినట్టే దులిపి తొడుక్కుంటారు. "మనయి ఎవరు చూస్తరే" అనేవాడు మొగిలి.

మనుమరాలు ప్రవళిక ఎమ్మెస్సీ పట్టా తీసుకునే రోజు వచ్చింది. "తాతా, ఇయ్యాలన్న ఇస్త్రీ అంగీ తొడుక్కో. ఫొటోల వస్తవ్" అని పిల్ల పట్టుబట్టింది. సాలమ్మే తెల్లంగీ బల్ల మీద పరిచింది. చేతులు అయినయ్, వీపు అయింది. కుడివైపు, పక్కటెముకల కింద పెట్టె ఆగింది. నీళ్లు చల్లింది. మళ్లీ చల్లింది. అరచెయ్యంత ముడత అట్లనే నిలిచింది.

మొగిలి పక్కనే కూర్చుని చాయ తాగుతున్నాడు. సాలమ్మ ఆ చోటు పైకి వచ్చేటట్టు మడిచి, అంగీని అతని ఒళ్లో పెట్టింది. అతను గ్లాసు కింద పెట్టి ముడత మీద అరచెయ్యి ఆనించాడు.

"ఎన్నొద్దుల సంది ఉన్నదో" అన్నాడు.

"ఊరందరి అంగీలు ఇస్త్రీ జేస్తిమి. నీదొక్కటి జెయ్యకపోతిమి" అన్నది సాలమ్మ.

ఫొటో దిగారు. సోమవారం పెద్ద దవాఖానకు పోయారు.

డాక్టర్ ఎస్తేరు గుంటూరు వైపు మనిషి, కాలేయం ఆపరేషన్లు చేస్తుంది. ఆమె ముందు అంగీ చూసింది, తర్వాత స్కాన్ చూసింది.

"కాలేయంలో గడ్డ ఉంది తాతగారూ. క్యాన్సర్ గడ్డ. పెద్దది. ఎప్పుడో రక్తంలో చేరిన కామెర్ల వైరస్ ఇన్నేళ్లూ లోపల్లోపలే పనిచేసింది."

"కోసి తీసెయ్యి బిడ్డా."

"ఇప్పుడు కోస్తే మిగిలే ముక్క మీ ప్రాణానికి చాలదు. ముందు గజ్జల దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపించి గడ్డకే మందు పట్టిస్తాం. తర్వాత మాత్రలు. గడ్డ చిన్నదైతే కోస్తాను. కాకపోతే..."

"కాకపోతే?"

"కోయలేను."

సాలమ్మ నెమ్మదిగా అడిగింది. "కోసినంక సగం కార్జంతోనే బతుకుతడా?"

"మిగిలినది బాగుంటే అదే పెరుగుతుంది మామ్మగారూ. కొన్ని నెలల్లో మళ్లీ దాదాపు అంత అవుతుంది."

కోసిన కార్జం పెరగడం సాలమ్మకు పెద్ద వింత. ఇస్త్రీ పెట్టె సంగతి డాక్టరమ్మకు వింత కాలేదు.

బయటికొచ్చాక మొగిలి అన్నాడు. "గా డాక్టరమ్మ కోటు చూసినవా? బియ్యం సంచి లెక్క నలిగున్నది."

"పానం చూపిచ్చుకోనీకి వచ్చి బట్టలు చూస్తున్నవా?"

"నలభై ఏండ్ల కండ్లు. ఏం జేస్తయ్ మరి."

గొట్టంతో మందు రెండుసార్లు పట్టించారు. మాత్రలు మొదలైనయ్. ప్రతి ఆదివారం సాలమ్మ అతని అంగీ బల్ల మీద పరిచేది. అరచెయ్యంత ముడత నాలుగు వేళ్లయింది, తర్వాత మూడు. కానీ మాత్రలకు మొగిలి అరచేతులు ఎర్రబడి, బొబ్బలెక్కి, పొరలు పొరలుగా ఊడినయ్. పెట్టె పిడి పట్టుకోలేక బండి పక్కన కూర్చుని బొగ్గులు విసురుతుండేవాడు.

ఒక ఆదివారం ముడత మళ్లీ నాలుగు వేళ్లున్నది. సాలమ్మ కొలిచి చూసింది. అతని పక్కనున్న బొగ్గుల సంచి బోర్లించింది. నల్లటి పొడిలో మూడు వారాల గోలీలు.

"ఏందయ్యా ఇది?"

"చేతులు చూడే. అంగీ బొత్తాం పెట్టుకోనొస్తలేదు. పని లేని బతుకు ఎందుకు?"

"నీ పని నేను జేస్త. నీ బతుకు నేను బతకాల్నా?"

మర్నాడు డాక్టర్ ఎస్తేరు ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుని చూసింది.

"చెప్పకుండా మానేస్తే ఎలా తాతగారూ? చెప్తే నేనే కొన్నాళ్లు ఆపి, తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టేదాన్ని కదా. పూతమందు ఇచ్చేదాన్ని. చేతులూ కావాలి, మనిషీ కావాలి."

ఆ తర్వాత మోతాదు తగ్గించి ఇచ్చిన మాత్రలు నాలుగు నెలలు మొగిలి ఒక్క పూట తప్పలేదు. ముడత రెండు వేళ్ల దగ్గర నిలిచింది. కోశాక మిగిలే ఎడమ ముక్క మీది గుడ్డ అద్దంలా సాఫుగా ఉన్నది. స్కాన్ కూడా అదే చెప్పింది. మాత్రలు ఆపి, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.

ఏడు గంటలు పట్టింది. సాలమ్మ ఆ తెల్లంగీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలుపు తెరుచుకుని వచ్చిన ఎస్తేరు గోడకు ఆనుకుని నిలబడింది. "తీసేశాను మామ్మగారూ. మిగిలింది చిన్న ముక్కే. కానీ శుభ్రంగా ఉంది."

మూడు నెలలు గడిచాక అంగీ మీద పెట్టె ఎక్కడా ఆగలేదు. అరచేతుల్లో పసిపిల్లలకు మల్లే కొత్త తోలు వచ్చింది. "మూడు నెలలకోసారి స్కాన్‌కు రావాలి, మర్చిపోవద్దు" అన్నది ఎస్తేరు.

"వస్త బిడ్డా. నీ కోటు ఇటియ్యి, ఇస్త్రీ జేసి తెస్త. నా చేతులు బాగైనంక మొదటి బట్ట నీదే."

"ఎందుకండీ. తీరిక లేక నేనే అలా తొడుక్కొచ్చేస్తాను. నావి ఎవరు చూస్తారు?"

సాలమ్మ మొగిలి ముఖం చూసింది. మొగిలి చెయ్యి చాపే ఉన్నాడు. ఎస్తేరు నవ్వి కోటు విప్పి ఇచ్చింది.

మర్నాడు పొద్దున మొగిలి పెట్టె పట్టుకున్నాడు. కాలరు, చేతులు, వీపు. ఎడమవైపు, పెన్ను పెట్టుకునే జేబు కింద పెట్టె ఆగింది. నీళ్లు చల్లాడు. సాలమ్మ వంగి చూసింది. మొగిలి ఎన్నడూ లేనంత జాగ్రత్తగా కోటు మడిచాడు.

దవాఖానలో ఎస్తేరు గది ముందు పెద్ద లైను. కోటు చూడగానే ఆమె ముఖం విప్పారింది. తర్వాత మడత చూసింది. కుడిచెయ్యి దానంతటదే ఎడమ రొమ్ము మీదికి పోయింది.

"ఎంతుంది తాతగారూ?"

"వడ్లగింజంత. నాది అరచెయ్యంత ఉండె బిడ్డా."

ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది. పక్క గది డాక్టరును వచ్చి కూర్చోమని నర్సుతో చెప్పింది. లేచి నిలబడిందేగానీ, రోజూ తిరిగే వరండాలో ఎటు పోవాలో తోచనట్టు ఆగిపోయింది.

సాలమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "నడువు బిడ్డా. గీడ ఏ లైనుల నిలబడాల్నో మాకు ఎరుకే."

మొగిలి కోటును రెండు కొత్త అరచేతుల మీద పెట్టుకుని, నలగకుండా, వాళ్ల వెనకే నడిచాడు.