పదకొండూ నలభై రెండు

సైటు కొత్త ముస్తాబు తెల్లారి ఆరింటికే సిద్ధమైంది. రాజమండ్రిలో వెబ్‌సైట్లు చేసే దుర్గాశ్రీ దాన్ని నెట్‌లోకి ఎక్కించబోతుంటే చినబాబు ఆపేశాడు.

"పదకొండూ నలభై రెండుకి ముహూర్తమమ్మా. పంతులుగారు వేళ్ళు మడిచి మరీ చెప్పారు. ఆయన చూసేది పన్నెండింటికి కదా?"

ఆయనంటే చెన్నైలో కొత్త రిసార్టుకి మొక్కలు కొనే మేనేజరు. కడియంలో చినబాబు నర్సరీ సైటు చూసి కిందటి వారం పెదవి విరిచాడు. మినుకుమనే అక్షరాలు, మౌస్ వెనకాల రాలే పూలరేకులు. "ఇది ఐదేళ్ళ కిందటి ఫ్యాషనండీ. సైటే ఇలా ఉంటే తోట ఎలా ఉంటుందని మా వాళ్ళడుగుతున్నారు. గురువారం పన్నెండింటిలోగా మార్చండి. లేదంటే ఇంకో నర్సరీ చూసుకుంటాం."

ఆయన మాట నమ్మి పెంచిన నాలుగు వేల పామ్ మొక్కలు తోటలో ఉన్నాయి. వేర్లు అప్పుడే కవర్లు చీలుస్తున్నాయి. ఈ వారం లారీ ఎక్కకపోతే నేలలోకి దిగిపోతాయి. తర్వాత పెకిలిస్తే బతకవు.

ముహూర్తానికి చినబాబు మానిటర్‌కి బొట్టు పెట్టాడు. దుర్గాశ్రీ పాత సైటు తీసేసి కొత్తది ఎక్కించసాగింది. సగం వెళ్ళిందో లేదో, రాజమండ్రిలో కరెంటు పోయింది.

"ఇప్పుడక్కడ ఏం కనిపిస్తుందమ్మా?"

"బొమ్మల చోట ఖాళీ డబ్బాలండి."

చినబాబు గోడ గడియారం వైపు చూశాడు.

"కొవ్వూరు పోదాం. మనకి పోయినప్పుడు వాళ్ళకి ఉంటుంది," అంటూ సీడీ బ్యాగులో పడేసుకుని లేచిందామె.

బ్రిడ్జి మీద లారీల వెనక లారీలు. చినబాబు స్కూటర్ని సందుల్లోంచి దూకించాడు. వెనక కూర్చున్న దుర్గాశ్రీ గోదావరి వైపు చూడలేదు, వాచీ వైపే చూసింది. పదకొండూ యాభై ఆరు. ముందు ఒక బస్సు ఆగిపోయింది. యాభై తొమ్మిది. పన్నెండు.

కొవ్వూరు నెట్ సెంటర్లో సీడీ పెట్టేసరికి పన్నెండూ ఏడు. ఫైళ్ళు ఒక్కొక్కటే పైకి వెళ్తున్నాయి. చినబాబు సెల్ మోగితే దుర్గాశ్రీ ఎత్తింది. మేనేజరు.

"సార్, రెండే నిమిషాలండి. కరెంటు పోయి..."

"ఇప్పుడెందుకమ్మా? మా మీటింగు ముందుకి జరిగింది. పదకొండింటికే చూసేశాం. ఇంకా ఆ పూలరేకులే రాలుతున్నాయి. వేరేవాళ్ళకి ఇచ్చేశాం."

"సార్, ఒక్కసారి ఇప్పుడు చూడండి. సార్..."

లైను లేదు. తెర మీద మాత్రం సైటు పూర్తిగా తెరుచుకుంది. తెల్లటి పేజీ, మధ్యలో మంచుకి తడిసిన ఒక్క ఆకు.

"బాగుందమ్మా. పొద్దున్నే గనక..." అని ఆగిపోయాడు చినబాబు. దుర్గాశ్రీ చేతిలోంచి సెల్ తీసుకుని తోట మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"పోతురాజూ, కూలీల్ని పిలు. పామ్ కవర్లన్నీ లేపి పక్కకి జరిపించు. వేర్లు తెగినా సరే, బతికినన్ని బతుకుతాయి."

"ఇప్పుడు వర్జ్యమండి. ఒంటిగంట దాటాక..."

"ఇప్పుడే లేపించు," అన్నాడు చినబాబు.