నడిమి దూలం చప్పుడు

రెండువేల ఇరవై ఏప్రిల్‌లో డ్రెస్డెన్ నగరం గొంతు తగ్గించుకుంది. ట్రాములు ఖాళీగా వెళ్లి ఖాళీగా వచ్చేవి. నది మీద పడవల్లేవు, వీధిలో పిల్లల అరుపుల్లేవు. ఎన్నడూ వినపడని చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చి తీరుబడిగా తిరగడం మొదలుపెట్టాయి. మూడో అంతస్తులో ఉండే చింతల మనోజ్ఞకు కింద ఎవరో సైకిల్ తాళం తీసినా వినపడేది. వింటూ వింటూ, కళ్లు తెరుచుకునే కల కంటున్నట్టు కూర్చునేది.

ఆ నెల ఆమె ఉద్యోగం కూడా వినడమే అయింది. అదెలాగో ముందు చెప్పాలి, లేకపోతే మీకు ఈ కథ కొరుకుడు పడదు. ఆమె పనిచేసే సంస్థ డెబ్బై ఒక్క చిన్న ఊళ్ల ఉమ్మడి సంస్థ. ఒక ఊళ్లో కాలిబాట రాయి లేచి ఎవరి కాలైనా విరిగిందనుకోండి, ఆటస్థలంలో ఊయల తెగిందనుకోండి, ఆ ఊరు ఒక్కటే మునిగిపోకుండా నష్టాన్ని డెబ్బై ఒక్క ఊళ్లూ పంచుకుంటాయి. అందుకోసం ఏటా తలా కొంత వేసుకుంటాయి. మరి ఒకరి నిర్లక్ష్యానికి అందరూ చేతి చమురు వదిలించుకోవాలంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? అందుకే వంతెనలూ ఊయలలూ గట్టిగా ఉన్నాయో లేదో ఏడాదికోసారి తిరిగి చూసే మనుషులుంటారు. మనోజ్ఞ వాళ్లలో ఒకరు. ఆమె పచ్చ రాస్తే వాడుకోవచ్చు, ఎరుపు రాస్తే ఆ రోజే మూసెయ్యాలి. మధ్యలో ఇంకో రంగు లేదు.

లాక్‌డౌన్ వచ్చి ఊళ్లు తిరగడం ఆగిపోయింది. ఫోటోలు తెప్పించుకుని పని కానిచ్చెయ్యమంది ఆఫీసు. ఫోటోలదేముంది? పైకి నిగనిగలాడే కర్ర లోపల గుల్లయిపోయి ఉంటుంది. ఏం చెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, వంటింట్లోంచి టంగ్, టంగ్ మని చప్పుడొచ్చింది. తండ్రి నరసింహులు అట్లకాడతో గిన్నెలు కొట్టి చూస్తున్నాడు.

ఆయన కాజీపేట రైల్వేలో ముప్పై ఆరేళ్లు చక్రాలు కొట్టిన మనిషి. బండి ఆగగానే పొడుగు సుత్తి పట్టుకుని పెట్టె పెట్టెకూ వంగి, చక్రం మీద ఒక్క దెబ్బ వేసి, ఆ మోత విని పగులుందో లేదో చెప్పేవాడు. అంతా సవ్యంగా ఉంటే గార్డు వైపు చెయ్యెత్తేవాడు, అప్పుడు బండి కదిలేది. జనవరిలో కూతురి దగ్గరికి మూడు నెలలకని వచ్చాడు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే ఆఫీసులో అపాయింట్‌మెంట్, కూడా దొరకలేదు. చిక్కుకుపోయానని దిగులుపడే రకం కాదు ఆయన. వారం తిరక్కుండానే ఇంట్లో గిన్నెలన్నీ కొట్టి చూసి, అల్లుడు లేని ఈ ఇంట్లో గిన్నెలు కూడా సొట్టవే ఉన్నాయని తేల్చేశాడు. పెళ్లి సంగతి ఎత్తడానికి ఆయనకు గిన్నె అయితేనేం, గరిటె అయితేనేం!

అలా పుట్టింది ఆ ఆలోచన. ప్రతి ఊళ్లోనూ మునిసిపాలిటీ పనివాడు కొయ్య సుత్తితో ఒక్కో దూలాన్ని కొట్టి, ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పంపాలి. మనోజ్ఞ పై అధికారి ఫ్రౌ ఉల్‌మన్, మనం ఉల్‌మన్ గారు అన్నట్టు, మొదట నవ్వింది, తర్వాత సరేనంది. ఇక చూడండి, ఊళ్లన్నీ ఆ ఇంటికి రావడం మొదలుపెట్టాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఒక ఊళ్లో దెబ్బ వెనకాల చర్చి గంట, ఇంకో ఊళ్లో కోళ్లు, మరో ఊళ్లో ఎవరో ముసలమ్మ కిటికీలోంచి సుత్తివాణ్ణి చివాట్లు పెట్టడం. గడప దాటకుండానే మనోజ్ఞ వాగులు దాటింది, కొండలెక్కింది. మధ్యాహ్నం కాస్త కునుకు పడితే ఆ ఊళ్లన్నీ కలిసిపోయి ఒకే ఊరయ్యేవి. ఒక వంతెన దిగితే ఇంకో వంతెన వచ్చేది. ముందు తండ్రి సుత్తి పట్టుకుని నడుస్తుండేవాడు, వెనక ఆమె వింటూ నడిచేది. మెలకువ వచ్చాక కూడా ఆ నడక కాసేపు కాళ్లలో ఉండేది.

ఏప్రిల్ మూడో వారంలో ఎర్లెన్‌బ్రూక్ అనే ఊరి నుంచి ఏడు రికార్డింగులు వచ్చాయి. కొండ కింద చిన్న ఊరు, వాగు మీద పాత చెక్క వంతెన, దానికి ఏడు దూలాలు. ఏడూ ఖంగున మోగాయి. మనోజ్ఞ పచ్చ రాయబోయింది. రెండో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పక్కనే కూర్చున్న తండ్రి ఆమె చెయ్యి పట్టి ఆపాడు. నాలుగోది మళ్లీ పెట్టమన్నాడు. పెట్టింది. మూడోది, నాలుగోది, అయిదోది వరసగా పెట్టమన్నాడు. చెక్క బాగానే మోగుతోంది కదా అని విసుక్కుంది ఆమె.

"చెక్కను ఇంటున్నవ్ బిడ్డా, నీళ్లను ఇంటలేవు," అన్నాడు. "ఒడ్డుకాంచి నడిమికి పోతాంటే వాగు మోత పెరగాలె గద. మూడోదాన్ల పెరిగింది. నాలుగోదాన్ల సల్లబడ్డది. అయిదోదాన్ల మళ్ల లేసింది. సరిగ్గ నడిమిట్లకు రాంగనే వాగు ఎందుకు ఊకున్నది?"

మనోజ్ఞ మళ్లీ వింది. నాలుగో దూలం వెనక ఉన్నది ఒడ్డు దగ్గరి నీటి గుసగుస. అచ్చం మొదటి రికార్డింగులో ఉన్నట్టే. ఎవరో ఒడ్డున ఉన్న దూలాన్నే రెండుసార్లు కొట్టి, ఆ రెండో దెబ్బ చప్పుడునే నడిమి దూలమని పంపారు.

పంపినవాడి పేరు కాల్టోఫెన్, ఎనభై ఒక్కేళ్లవాడు. మునిసిపాలిటీలో వంతెనల పని చేసి ఎప్పుడో రిటైరయ్యాడు. అసలు పనివాడు క్వారంటైన్‌లో ఉంటే ఊరివాళ్లు ఈయన్ని బతిమాలి సుత్తి చేతికిచ్చారు. మనోజ్ఞ ఫోన్ చేసి వాగు సంగతి అడిగింది. ముసలాయన ఎక్కువసేపు బుకాయించలేదు. నలభై ఏళ్లు నిజాయితీగా సుత్తి పట్టిన మనిషికి అబద్ధం చెప్పడం చేతకాలేదు పాపం.

వాగు అవతలి ఒడ్డున వృద్ధుల ఆశ్రమం ఉంది. ఆయన భార్య ఎడెల్‌ట్రౌట్ అక్కడ రెండో అంతస్తులో ఉంటుంది. మార్చి నుంచి లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. ఆమెకు మతిమరుపు జబ్బు. ఏ సంవత్సరమో మర్చిపోయింది, పిల్లల పేర్లు మర్చిపోయింది. అయితే రోజూ మూడు గంటలకు ఆయన వంతెన నడిమధ్యన నిలబడి పసుపు రంగు గొడుగు పైకెత్తుతాడు, ఆమె కిటికీలో చెయ్యెత్తుతుంది. ఒక అడుగు ఇటు జరిగితే చెట్టు కొమ్మలు అడ్డం, ఒక అడుగు అటు జరిగితే గోడ అడ్డం. ఆ కిటికీ కనపడేది నాలుగో దూలం మీద నిలబడితేనే. ఆ దూలం పుచ్చిందని ఆయనకు తెలుసు, దాన్ని అక్కడ పెట్టింది ఆయనే.

"ఒక్కరోజు కనపడకపోతే నన్ను కూడా మర్చిపోతుంది, ఫ్రౌ చింతల," అన్నాడాయన. "ఒక్క నెల ఆగండి. వంతెన ఆగుతుంది. ఆమె ఆగదు."

ఫోన్ పెట్టేసి మనోజ్ఞ ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. పచ్చ రాస్తే ఎవరికీ తెలియదు. ఏడు చప్పుళ్లూ బాగానే ఉన్నాయి, అడిగేవాడు లేడు. ఒక్క నెలే కదా, ఆ తర్వాత తలుపులు తెరుస్తారు కదా అని మనసు ఒకటే పీకుతోంది. కానీ ఆ వంతెన మీదే ఆశ్రమం నర్సులు డ్యూటీకి వస్తారు, పోతారు. ముసలాయన కూడా దాని మీదే నిలబడతాడు, కింద రాళ్లు. తండ్రితో సంగతంతా చెప్పి ఏం చెయ్యమంటావని అడిగింది. ఆయనకు కోపమొచ్చింది. ఎవరి మీదో ఆయనకే తెలియని కోపం.

"ముప్పై ఆరేండ్లు సుత్తె పట్టిన," అన్నాడు. "బండిల పెండ్లికి పోయేటోళ్లు ఉండిరి, సావుకు పోయేటోళ్లు ఉండిరి. అందరికి తొందరనే. ఒక్కనాడు గూడ చక్రం మీద జాలి సూపలే. జాలి మనిషి మీద సూపాలె బిడ్డా, చక్రం మీద గాదు."

మర్నాడు పొద్దున ఆ ఊరి అగ్నిమాపక దళం వాళ్లు రబ్బరు బూట్లతో వాగులోకి దిగి, కింది నుంచి నడిమి దూలాన్ని కొట్టారు. ఒడ్డున ఫోన్ పట్టుకున్నది కాల్టోఫెనే. అది మోగలేదు, తడిసిన బస్తాను కొట్టినట్టు దుబ్బుమంది. రెండో దెబ్బకు పేళ్లు రాలి నీళ్లలో పడటం కూడా వినపడింది. మనోజ్ఞ ఎరుపు రాసింది. పన్నెండింటికల్లా వంతెనకు రెండు వైపులా అడ్డం కట్టేశారు. నర్సులు కొండ చుట్టు రోడ్డున తిరిగి రావలసి వచ్చింది. ఆ రోజు మూడింటికి గొడుగు లేవలేదు.

ఆ సాయంత్రం ఆమెకు అన్నం సయించలేదు. ఊరికే కూర్చోలేక, సంస్థ దగ్గరున్న పెద్ద జాబితా తెరిచింది. డెబ్బై ఒక్క ఊళ్లకూ ఉన్న వస్తువులన్నీ అందులో ఉంటాయి. గడ్డి కోసే బళ్లు, అగ్నిమాపక శకటాలు, పండుగ వేదికలు, ఒక ఊళ్లో అయితే ముక్కు విరిగిన రాతి సింహం. సగం మగతలో ఒక్కో పేరూ చదువుతూ పోయింది. కలలో చూసిన ఊరు మళ్లీ కళ్ల ముందు పరుచుకుంది, ఒకరి పెరట్లోంచి ఇంకొకరి పెరట్లోకి దారులున్న ఊరు. ష్టైన్‌వాల్డె అనే ఊరి దగ్గర ఆమె వేలు ఆగింది. చెట్ల కొమ్మలు కొట్టడానికి మనిషిని బుట్టలో నిలబెట్టి పైకెత్తే లిఫ్టు బండి ఒకటి. పనులు లేక షెడ్డులో పడి ఉంది.

తెల్లారగానే ష్టైన్‌వాల్డె మేయరుకు ఫోన్ చేసింది. ఆయన మంచివాడే, కాకపోతే అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఆలోచించే మనిషి. బండి ఇస్తాను సరే, బుట్టలోంచి ముసలాయన పడితే ఎవరు భరిస్తారు అన్నాడు. డెబ్బై ఒక్క ఊళ్లూ భరిస్తాయని చెప్పింది మనోజ్ఞ. చెప్పేసింది గానీ ఆ మాట కాగితం మీద పెట్టాల్సింది ఫ్రౌ ఉల్‌మన్. ఆవిడ సంస్థ నియమాలు తీసి చదివింది. ఊరి పనికి జరిగే నష్టమే ఉమ్మడిగా భరిస్తాం, భార్యను చూడటం ఊరి పనెలా అవుతుందని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే.

"ఊరు ఒక దారి మూస్తే బదులు దారి చూపడం ఊరి పనే కదండీ," అంది మనోజ్ఞ. "ఆయన దారి ఇన్నాళ్లూ వాగు మీద ఉంది. ఇకనుంచి కొంచెం పైనుంచి వెళ్తుంది."

ఆవిడ ఆ మాట రాసుకుంది. తర్వాత ఫ్రౌ ఉల్‌మన్ ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. లిఫ్టును చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, కిటికీ కింద నేల గట్టిదేనా, బండి ఎవరు నడుపుతారు, నడుముకు బెల్టు ఉందా, ముసలాయనకు కళ్లు తిరిగే జబ్బేమన్నా ఉందా. ప్రేమను కూడా అలా ప్రశ్నల్లో పెట్టి అడిగే మనుషులుంటారు. అన్నిటికీ జవాబులు తెప్పించేసరికి ఆ రోజు మూడు కూడా దాటిపోయింది. రెండు రోజులు గొడుగు లేదు. సంతకం సాయంత్రం అయిదింటికి అయింది.

మర్నాడు కూడా మనోజ్ఞ ఆ ఊరు వెళ్లలేకపోయింది, ప్రయాణాలకు అనుమతి లేదు. మూడున్నరకు ఒక రికార్డింగు వచ్చింది. కాల్టోఫెన్ కొండ చుట్టు రోడ్డున అవతలి ఒడ్డుకు వెళ్లి, ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని బుట్టెక్కాడట. తండ్రీ కూతుళ్లు చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు.

ముందు ఇంజను మోత. ఇనుప చెయ్యి కిర్రుమంటూ లేచింది. వాగు కిందికి దిగిపోతూ, దిగిపోతూ పలచబడింది. చెట్టు కొమ్మ ఏదో బుట్టకు రాసుకుని వదిలేసింది. ఆ తర్వాత గాలి ఒక్కటే. అంత ఎత్తున, మూసిన అద్దం ముందు, ముసలాయన మాస్కు వెనక పీలుస్తున్న ఊపిరి వినపడుతోంది. మాట లేదు. గొడుగు విప్పిన చప్పుడు టప్పుమంది. మళ్లీ ఏమీ లేదు. లోపల ఆమె చెయ్యెత్తిందో లేదో చెప్పే చప్పుడు ఏదీ ఉండదు కదా. కానీ ముసలాయన ఊపిరి ఎక్కడో తడబడింది. చెయ్యెత్తలేదని మనోజ్ఞకు తెలిసిపోయింది. రెండు రోజులు, తన వల్లే రెండు రోజులు. తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ముసలాయన వేలి కణుపుతో అద్దం మీద కొట్టాడు. టక్, టక్, టక్. జీవితమంతా దూలాలను కొట్టినట్టే, తొందర లేకుండా. ఆగాడు. జవాబు లేదు. మళ్లీ మూడు కొట్టాడు. గాలి వీచింది. కింద బండివాడు ఎవరితోనో ఏదో అన్నాడు.

లోపలి నుంచి టక్ మంది. కొంచెం ఆగి ఇంకోటి. ఇంకోటి. ఆ మూడూ అయ్యాక, ఆయన కొట్టనిది, ఆమె సొంతానికి నాలుగోది.

రికార్డింగు అయిపోయింది. నరసింహులు ఆ చివరి ముక్క మళ్లీ పెట్టమన్నాడు. ప్లాట్‌ఫారం పక్కన వంగినట్టే తల వంచి, కళ్లు మూసుకుని విన్నాడు. విని, మెల్లగా నిటారుగా కూర్చుని, ఎవరో దూరంగా గార్డు పెట్టెలో ఎదురుచూస్తున్నట్టు కుడిచెయ్యి పైకెత్తాడు.

"పగుల్లేదు బిడ్డా," అన్నాడు. "బండి పోనియ్యి."